నమ్మకం, గురి, అనుమానం: అపనమ్మకాన్ని కొలిచే ప్రశ్నావళిని తెలుగులోకి తేవడం ఎలా

చాలా దేశాల్లో జనం విలువల గురించి అడిగే ప్రపంచ విలువల సర్వే 1981లో మొదలైంది. అందులో పేరుపడ్డ ప్రశ్న ఒకటి ఉంది. దాని సారాంశం ఇది: మామూలుగా చూస్తే మనుషుల్లో ఎక్కువమందిని నమ్మవచ్చంటారా, లేక మనుషులతో మసిలేటప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలంటారా? చూడటానికి తేలిక ప్రశ్నే. తెలుగులో రాయబోతే మొదటి మాట దగ్గరే కలం ఆగుతుంది. ఇంగ్లీషులోని 'మోస్ట్ పీపుల్' అంటే సగానికి మించినవాళ్లు. మనం అలవాటుగా రాసే 'చాలామంది' అంటే పదిమంది కావచ్చు, ఊరంతా కావచ్చు. "చాలామందిని నమ్మవచ్చు" అంటే ఎవరైనా ఒప్పుకుంటారు, ఎందుకంటే ప్రతివాళ్లకీ నమ్మదగ్గ మనుషులు చాలామందే తెలుసు. "ఎక్కువమందిని నమ్మవచ్చు" అంటే కాసేపు ఆలోచిస్తారు. ఆ ఒక్క మాట తేడాతో తెలుగువాళ్లు లోకాన్ని ఉన్నదానికంటే ఎక్కువ నమ్ముతున్నట్టు లెక్కలు వచ్చేస్తాయి.

సైకాలజీ, సోషల్ వర్క్, పబ్లిక్ హెల్త్ చదివే విద్యార్థులు, ఊళ్లలో సర్వేలు చేసే సంస్థల వాళ్లు ఇలాంటి ప్రశ్నావళుల్ని తెలుగులోకి తెస్తున్నారు. వాళ్ల కోసమే ఇది. బీపీ, షుగర్ గురించిన ప్రశ్నావళిని అనువదించడం వేరు, అపనమ్మకం గురించినది వేరు. మోకాలి నొప్పి ఏ భాషలోనైనా మోకాలి నొప్పే. ఏది సహేతుకమైన అనుమానం, ఏది అతి అనుమానం అన్నది మాత్రం ఆ ఊరి చరిత్రను బట్టి మారుతుంది.

మొదటి అడుగు: కొలిచేది ఏ నమ్మకమో తేల్చుకోండి

తెలుగులో 'నమ్మకం' ఒక్కటే మాట, పనులు నాలుగు. దేవుడి మీద నమ్మకం, స్నేహితుడి మీద నమ్మకం, భూమి తిరుగుతోందన్న నమ్మకం, కొత్త బండి దారిలో ఆగిపోదన్న నమ్మకం. ఇంగ్లీషు వీటికి వేర్వేరు మాటలు వాడుతుంది. 'విశ్వాసం' వాడి తప్పించుకుందామంటే అదీ కుదరదు. కుక్కకు ఉండేది విశ్వాసం, చర్చికి వెళ్లేవాళ్లు విశ్వాసులు, అసెంబ్లీలో పెట్టేది అవిశ్వాస తీర్మానం. 'సందేహం' క్లాసులో లేచి అడిగి తీర్చుకునేది. 'అనుమానం' ఆలుమగల మధ్యకు వస్తే కాపురాలు కూల్చేది, డాక్టరు నోట వస్తే స్కానింగ్ రాయించేది.

మన భాషలో ఇంకో చక్కని మాట ఉంది, 'గురి'. "ఆ డాక్టరు మీద నాకు గురి" అంటే ఆయన చేయి పడితే తగ్గుతుందన్న ధీమా. అందులో నైపుణ్యం మీద భరోసా ఉంది, మంచితనం మీద భరోసా ఉంది, అలవాటూ ఉంది. పుస్తక భాషలో అనువదించేవాళ్లు ఈ మాటను మర్చిపోతారు. పెద్దవాళ్లతో డాక్టర్ల గురించి మాట్లాడేటప్పుడు 'నమ్మకం' కంటే 'గురి' అంటేనే సమాధానం సూటిగా వస్తుంది. మూల స్కేలు, అంటే మనం అనువదించే ప్రశ్నావళి, కొలిచేది నైపుణ్యం ఒక్కదాన్నే అయితే మాత్రం 'గురి' వాడకూడదు. అది కావాల్సినదానికంటే ఎక్కువ మోసుకొస్తుంది.

అందుకే అనువాదానికి ముందు కాగితం మీద గళ్లు గీయండి. ఎడమవైపు మూల వాక్యాలు. ప్రతిదాని పక్కన మూడు ప్రశ్నలు. ఇది ఒక సంగతి నిజమని అనుకోవడం గురించా? అవతలివాళ్లు మనకు చెడు తలపెట్టరన్న ధీమా గురించా? వాళ్లకు పని చేతనవుననే ధీమా గురించా? "ప్రభుత్వాసుపత్రి మీద నాకు నమ్మకం ఉంది" అన్న వాక్యాన్నే చూడండి. డాక్టర్లకు వైద్యం బాగా వచ్చనా, వాళ్లు మనల్ని మోసం చేయరనా, మనం వెళ్లిన రోజున డాక్టరు అక్కడ ఉంటాడనా? విన్నవాళ్లు తమకు తోచిన అర్థానికి జవాబిస్తారు. మీరు మూడింటినీ కలిపి సగటు తీస్తారు. ఈ గళ్ల కాగితం నింపడానికి వారం పట్టినా నింపండి. తర్వాత ఎంత కష్టపడినా ఈ తప్పు దిద్దుకోలేం.

రెండో అడుగు: స్కేలు ఎంపిక, అనుమతి

అపనమ్మకంలో ఒక రకం కుట్ర నమ్మకాలు, అంటే ఘటనల వెనక కొందరు రహస్యంగా ఏదో నడిపిస్తున్నారన్న నమ్మకాలు. వాటి మీద రెండు ప్రశ్నావళులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. రెండూ 2013లోనే ఫ్రాంటియర్స్ ఇన్ సైకాలజీ పత్రికలో వచ్చాయి. రాబ్ బ్రదర్‌టన్ బృందం చేసినది 15 వాక్యాలది. మార్టిన్ బ్రూడర్ బృందం చేసిన కాన్‌స్పిరసీ మెంటాలిటీ ప్రశ్నావళిలో ఐదే వాక్యాలు. ఈ రెండోది మొదటినుంచే ఇంగ్లీషు, జర్మన్, టర్కిష్ భాషల్లో పరీక్షించినది. పైగా అందులో ఫలానా దేశపు ఫలానా ఘటన ఉండదు, లోకం తీరు గురించిన వాక్యాలే ఉంటాయి. కాబట్టి తెలుగులోకి తేవడానికి నేనైతే దీన్నే ఎంచుకుంటాను. 15 వాక్యాల దానిలో గ్రహాంతరవాసుల గురించిన భాగం ఒకటి ఉంది. మన పల్లెల్లో ఆ వాక్యాలు చదివితే జనం నవ్వుతారు. అది అపనమ్మకం లేకపోవడమని లెక్కేస్తే పొరపాటు. అసలు ఆ కథే వాళ్లకు చేరలేదంతే.

పత్రిక అందరికీ అందుబాటులో ఉన్నా రచయితలకు ఒక మెయిల్ పెట్టండి. ఎవరైనా ఇప్పటికే తెలుగు చేశారా అని అడగండి. ఒకే స్కేలుకు మూడు తెలుగు రూపాలు తిరుగుతుంటే ఎవరి ఫలితాలనూ ఎవరితోనూ పోల్చలేం.

మూడో అడుగు: ఇద్దరు విడిగా రాయాలి, ఆ తర్వాత కలిసి కూర్చోవాలి

యూరోపియన్ సోషల్ సర్వే 2002 నుంచి వాడుతున్న పద్ధతికి రూపమిచ్చినది సర్వేల అనువాద నిపుణురాలు జానెట్ హార్క్‌నెస్. అనువాదం, సమీక్ష, తుది నిర్ణయం, ముందస్తు పరీక్ష, నమోదు అని దాని అంగాలు ఐదు. ఇద్దరు అనువాదకులు ఒకరిదొకరు చూడకుండా రాస్తారు. తర్వాత సైకాలజీ తెలిసిన మనిషితో కలిసి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని వాక్యం వాక్యం తేలుస్తారు. ఇద్దరిలో ఒకరు తెలంగాణ నుంచి, ఒకరు కోస్తా లేదా రాయలసీమ నుంచి ఉంటే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. ఒకరు 'దవాఖాన' అంటే ఇంకొకరు 'ఆసుపత్రి' అంటారు. ఇలాంటి చోట గీత పెట్టి రెండూ రాయడంలో తప్పు లేదు.

ఈ బల్ల దగ్గర ఎదురయ్యే ముళ్లన్నీ దాదాపు ఒకటే. నేను పదేపదే చూసినవి చెబుతాను.

'పథకం'. మూలంలో రహస్యంగా వేసిన ప్లాన్ అని ఉంటే నిఘంటువు 'పథకం' అంటుంది. మన జనానికి పథకం అంటే పింఛను, ఇల్లు, రైతుకు డబ్బు. "ప్రభుత్వం వెనక పెద్ద పథకం ఉంది" అంటే "ఏ పథకం సార్, మాకు రాలేదు" అంటారు. 'ఎత్తుగడ' అనో 'పన్నాగం' అనో రాయాలి. 'పన్నాగం'లో చెడు ఉద్దేశం ముందే చెప్పేసినట్టు ఉంటుంది కాబట్టి మూల వాక్యం ఎంత నిష్పక్షపాతంగా ఉందో చూసుకుని ఎంచుకోండి.

'రహస్య సంస్థలు'. పాశ్చాత్య దేశాల్లో ఈ మాట వినగానే ఒక రకమైన బొమ్మ కళ్లముందు కదులుతుంది. తెలంగాణ పల్లెల్లో, ఏజెన్సీ ఊళ్లలో అజ్ఞాత దళాలు తిరిగిన రోజులు చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు గుర్తొచ్చేది వేరు, భయమూ వేరు. ఆ ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబు నమ్మకం కాదు, జ్ఞాపకం.

'ఎవరో'. కుట్ర వాక్యాల్లో కొన్ని కర్మణి ప్రయోగంలో ఉంటాయి. 'ఘటనలు నియంత్రించబడుతున్నాయి' అని రాస్తే అది తెలుగు కాదు. కర్తను చెప్పాలి. 'ఎవరో వెనక నుంచి నడిపిస్తున్నారు' అంటే వాక్యం వినసొంపుగా ఉంటుంది కానీ ఆ 'ఎవరో'లోని మిస్టరీ మూలంలో లేదు. 'కొందరు' అంటే చప్పగా, సరిగ్గా ఉంటుంది. చప్పగా ఉన్నదే పెట్టండి.

'ఉండవచ్చు'. "ప్రభుత్వాలు నిజం దాచి ఉండవచ్చు" అని రాసి, కింద "బహుశా నిజం" అని జవాబు పెడితే సందేహం మీద సందేహం పడుతుంది. దాచి ఉండవచ్చు అనడానికి ఎవరు కాదంటారు? వాక్యం గట్టిగా ఉండాలి: "దాస్తున్నాయి." ఎంతవరకు అన్నది జవాబు వైపు వదిలేయాలి.

'మనం', 'మేము'. ఇంగ్లీషులో ఒక్క మాట ఉన్నచోట మనకు రెండున్నాయి, ఇది వరం. "డాక్టర్లు మనవాళ్లను సరిగ్గా చూడరు" అంటే అడిగేవాడు కూడా మనలో ఒకడైపోతాడు. "మావాళ్లను సరిగ్గా చూడరు" అంటే అడిగేవాడు బయటివాడు. ఈ ఒక్క అక్షరంతో జవాబిచ్చే మనిషి మీ ముందు తలుపు తెరవడమో మూయడమో జరుగుతుంది. ఏది వాడాలో ఒకసారి తేల్చుకుని ప్రశ్నావళి అంతా అదే పాటించండి.

'నేను'. ప్రశ్నావళి చదువుకుని నింపేవాళ్లకు "నేను ఎవరినీ తేలిగ్గా నమ్మను" అన్న వాక్యం ఇబ్బంది కలిగించదు. అదే వాక్యాన్ని సర్వే చేసే అమ్మాయి గట్టిగా చదివితే, పెద్దాయనకు ఆ అమ్మాయే ఎవరినీ నమ్మదని అర్థమవుతుంది. "అట్లా అనుకోకూడదమ్మా" అని ఓదారుస్తాడు. నోటితో అడిగేటప్పుడు వాక్యాన్ని "మీకు ఎలా అనిపిస్తుంది?" వైపు తిప్పాలి. "కొందరు ఇలా అంటారు, మీరేమంటారు?" అనే దారి కూడా ఉంది. కానీ 'కొందరు అంటారు' అనగానే ఆ మాటకు ఊరి మద్దతు వచ్చేస్తుంది. కుట్ర వాక్యాలకు నేను దాన్ని వాడను.

వ్యతిరేక వాక్యాల సంగతి కూడా ఇక్కడే. "నేను డాక్టర్లను నమ్మను" అన్నదానికి "లేదు" అని జవాబు వస్తే అది నమ్ముతాననా, నమ్మననా? తెలుగులో రెండు రకాలుగానూ అంటాం. 'లేదు' దగ్గర ఆగకుండా మొత్తం వాక్యం చెప్పించుకోవాలని సర్వే చేసేవాళ్లకు శిక్షణ ఇవ్వండి.

నాలుగో అడుగు: జవాబుల వరుస

'దృఢంగా ఏకీభవిస్తున్నాను, ఏకీభవిస్తున్నాను, తటస్థం' అనే వరుస గవర్నమెంటు జీవోలా ఉంటుంది. 'పూర్తిగా ఒప్పుకుంటాను, కొంతవరకు ఒప్పుకుంటాను, ఎటూ చెప్పలేను, అంతగా ఒప్పుకోను, అస్సలు ఒప్పుకోను' అంటే ఎవరికైనా తెలుస్తుంది. మధ్యలో 'పర్వాలేదు' ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. అది సగం ఒప్పుకోవడం. 'తెలియదు' అన్నది మధ్య గడిలో కలపకుండా విడిగా పెట్టండి.

బ్రూడర్ ప్రశ్నావళిలో సున్నా నుంచి 100 శాతం వరకు పదేసి చొప్పున పదకొండు మెట్లుంటాయి. శాతాలంటే కష్టమేమో అని చాలామంది దీన్ని ఐదు మెట్లకు కుదిస్తారు. తొందరపడకండి. 'నూటికి నూరుపాళ్లు నిజం' అన్న మాట మన నోట్లో ఎప్పటినుంచో ఉంది. "ఇది నిజమని నూటికి ఎన్ని పాళ్లు అనిపిస్తోంది?" అని అడిగితే బడికి వెళ్లని అమ్మమ్మలకు కూడా అందుతుంది. అవసరమైతే రూపాయి బిళ్లలు పది ముందు పెట్టి, ఎంత నమ్మితే అన్ని ఇటు జరపమనండి.

ఇంకో లాభం కూడా ఉంది. ఒప్పుకుంటారా లేదా అని అడిగితే చదువుకున్నవాళ్ల ముందు మర్యాద కోసం 'అవునండీ' అనడం మనవాళ్ల అలవాటు. కుట్ర స్కేలులో వాక్యాలన్నీ ఒకే దిక్కున ఉంటాయి కాబట్టి ప్రతి 'అవునండీ' కుట్ర నమ్మకంగా లెక్కలోకి వెళ్తుంది. పాళ్లు అడిగితే ఆ మర్యాద ఒత్తిడి కొంత తగ్గుతుంది.

ఐదో అడుగు: తిరుగు అనువాదాన్ని ఎంతవరకు నమ్మాలి

తెలుగు రూపాన్ని మూలం చూడని మనిషి చేత మళ్లీ ఇంగ్లీషులోకి మార్పించి పోల్చే పద్ధతిని 1970లో రిచర్డ్ బ్రిస్లిన్ రాసిన వ్యాసం బాగా ప్రచారంలోకి తెచ్చింది. జర్నల్స్ అడుగుతాయి, గైడ్లు అడుగుతారు, చేయక తప్పదు. మాట వదిలేయడం, వాక్యం తిరగబడటం లాంటివి దీనిలో దొరుకుతాయి. కానీ ఇది బాగా వస్తే చాలు అనుకోవడం ప్రమాదం. 'ట్రస్ట్'ను 'నమ్మకం' చేస్తే, తెలివైన తిరుగు అనువాదకుడు సందర్భం చూసి మళ్లీ 'ట్రస్ట్' అనే రాస్తాడు. కాగితం మీద అంతా సరిపోతుంది. మధ్యలో తెలుగు మనిషికి ఏం అర్థమైందో మాత్రం ఎవరూ చూడలేదు. ఆ పని తర్వాతి అడుగులో జరగాలి. డబ్బు, సమయం తక్కువుంటే తిరుగు అనువాదం మీద తగ్గించి అక్కడ పెట్టండి.

నిపుణుల కమిటీ చేత ప్రతి వాక్యానికీ తగినదా కాదా అని మార్కులు వేయించడం కూడా మామూలే. ఆరుగురో అంతకంటే ఎక్కువమందో ఉంటే సూచిక (ఆ వాక్యం తగినదేనన్న నిపుణుల వాటా) 0.78కి తగ్గిన వాక్యాల్ని మళ్లీ చూసుకోవాలి. కమిటీలో అందరూ ప్రొఫెసర్లే ఉండకుండా ఒక ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎమ్‌నో కూర్చోబెట్టండి. జనం ఏ మాట విని ముఖం చిట్లిస్తారో వాళ్లకు తెలిసినట్టు మనకు తెలియదు.

ఆరో అడుగు: జనం ముందు పెట్టి వినడం

దీన్ని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. పది పదిహేనుమందితో, ఒక్కొక్కరితో విడిగా గంటసేపు కూర్చోవాలి. ఆడవాళ్లు, మగవాళ్లు, చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు, రెండు రాష్ట్రాల వాళ్లు ఉండేలా చూసుకోండి. వాక్యం చదవండి, జవాబు తీసుకోండి, ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది.

"ఈ మాట మీ సొంత మాటల్లో చెప్పండి." "ప్రభుత్వం అన్నప్పుడు మీకు ఎవరు గుర్తొచ్చారు?" ఢిల్లీయా, హైదరాబాదా, అమరావతా, పంచాయతీ ఆఫీసులో ఉండే మనిషా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి గ్రామ సచివాలయాలు వచ్చాక చాలామందికి ప్రభుత్వం అంటే ఆ గదే. అక్కడి ఉద్యోగి మంచివాడైతే ప్రభుత్వం మీద నమ్మకం ఉన్నట్టు మార్కులు పడతాయి. "మనుషుల్ని అన్నప్పుడు ఎవరిని అనుకున్నారు?" అనీ అడగండి. యాన్ డెల్‌హే, కెన్నెత్ న్యూటన్, క్రిస్టియన్ వెల్జెల్ 2011లో 51 దేశాల సమాచారం పరిశీలించి చూపించింది ఇదే. 'మనుషుల్లో ఎక్కువమంది' అనగానే కొన్ని దేశాల వాళ్లకు ముక్కూముఖం తెలియని వాళ్లు కూడా మనసులోకి వస్తారు, కొన్నిచోట్ల తమకు తెలిసినవాళ్లే వస్తారు. చైనా లాంటి చోట్ల ఈ వలయం చిన్నది. కాబట్టి ఆ ఒక్క ప్రశ్నతో ఆగకుండా కుటుంబం, ఇరుగుపొరుగు, మొదటిసారి కలిసినవాళ్లు, వేరే మతం వాళ్లు అని విడివిడిగా అడగడం మంచిది. ప్రపంచ విలువల సర్వే కూడా తర్వాతి విడతల్లో ఈ ప్రశ్నల్ని చేర్చింది.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది: "ఏది చూసి మీకు అలా అనిపించింది?"

ఎందుకో చెబుతాను. ప్రభుత్వ సంస్థలు పౌరుల మీద నిఘా పెడతాయన్న అర్థం వచ్చే వాక్యం కుట్ర స్కేలులో ఉంది. ఫోన్ ట్యాపింగ్ కేసుల వార్తలు వారాల తరబడి పేపర్లో చదివిన మనిషి దానికి 80 పాళ్లు ఇస్తే, అది కుట్ర మనస్తత్వమా, పేపరు చదివే అలవాటా? మూల స్కేలు చేసినవాళ్ల దేశంలో ఆ వాక్యం అతి అనుమానం వైపు మొగ్గును పట్టి ఇవ్వవచ్చు. మన దగ్గర మామూలు సమాచారాన్ని పట్టి ఇవ్వవచ్చు.

వైద్యం మీద అపనమ్మకం విషయంలో ఇది ఇంకా లోతుగా ఉంటుంది. 2004లో వచ్చిన గ్రూప్ బేస్డ్ మెడికల్ మిస్‌ట్రస్ట్ స్కేలును న్యూయార్క్‌లో నల్లజాతి, లాటినా స్త్రీలతో తయారుచేశారు. 12 వాక్యాలు. అమెరికాలో నల్లజాతివాళ్ల వైద్య అపనమ్మకం గురించి మాట్లాడితే టస్కీగీ ఊరి మాట రాకుండా ఉండదు. 1932 నుంచి 1972 వరకు అక్కడ నల్లజాతి మగవాళ్లకు సిఫిలిస్ ఉందని తెలిసీ చెప్పకుండా, మందు ఉండీ ఇవ్వకుండా చూస్తూ కూర్చున్నారు. కాబట్టి మనమీద ప్రయోగాలు చేస్తారన్న భయం వాళ్లకు ఊహ కాదు. మరి తెలుగు గడ్డ మీద ఆ వాక్యం ఎక్కడ దిగుతుంది? 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసే నమూనా ప్రాజెక్టు జరిగింది. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. కొందరు బాలికలు చనిపోయారని గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అమ్మానాన్నల సంతకాలకు బదులు హాస్టల్ వార్డెన్ల సంతకాలు తీసుకున్నారన్న సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ ఊళ్లలో ఒక తల్లి "మా పిల్లలమీద ప్రయోగాలు చేస్తారు" అన్న వాక్యానికి పూర్తిగా ఒప్పుకుంటే, ఆమెను అపోహ ఉన్న మనిషిగా మార్కులు వేయడం అన్యాయం. శాస్త్రంగా చూసినా తప్పే. టీకా వల్లే చనిపోయారని ఆమె అనుకోవడం ఒక సంగతి, తనను అడగలేదన్న కోపం ఇంకో సంగతి. రెండింటికీ వేర్వేరు వాక్యాలు కావాలి.

'మీ వర్గం వాళ్లు' అన్న మాట కూడా ఇక్కడే తేల్చుకోవాలి. అమెరికా స్కేలులో అది జాతి. ఇక్కడ కులమా, మతమా, తండానా, పేదవాళ్లా? మీరు నిర్ణయించకండి. "ఆసుపత్రిలో ఎవరిని తక్కువగా చూస్తారు?" అని ముందు ఇంటర్వ్యూల్లో అడిగి, వాళ్ల నోట ఏ గీత వస్తుందో ఆ గీతనే వాడండి.

వింత నమ్మకాల సంగతి వేరు. పారనోయియా స్కేళ్లలో తనకెవరో కీడు తలపెట్టారన్న వాక్యాలుంటాయి. చేతబడి, బాణామతి మాటలు నడిచే ఊళ్లలో పెద్దకోడలు కడుపునొప్పి వచ్చినా "ఎవరో ఏదో చేశారు" అంటుంది. ఊరంతా అనే మాట అది. దాన్ని జబ్బు లక్షణంగా లెక్కేసే ముందు "ఊళ్లో మిగతావాళ్లు కూడా అలాగే అంటారా?" అని అడగాలి. 'మూఢనమ్మకం' అన్న మాట ప్రశ్నావళిలో ఎక్కడా రాకూడదు. ఆ మాట పడగానే మీరు ఏ జవాబు ఆశిస్తున్నారో వాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకొక చిన్న అక్షరం మీద చెవి పెట్టండి. జవాబు చివర '-అట' వస్తుందేమో చూడండి. "టీకాలో చిప్ పెడుతున్నారట" అన్న మనిషి తను విన్నది చెబుతున్నాడు, నమ్ముతున్నానని అనలేదు. విన్నారా, నమ్ముతున్నారా అని విడిగా అడగకపోతే పుకారు విన్నవాళ్లందరూ నమ్మినవాళ్ల లెక్కలో చేరతారు.

దిద్దుబాట్లు చేశాక ఇంకో విడత కొత్తవాళ్లతో కూర్చోండి. ఒక్క విడతతో ఆపేస్తే దిద్దిన వాక్యాలు ఎవరూ పరీక్షించనివే అవుతాయి.

ఏడో అడుగు: అడిగేది ఎవరు, సంతకం ఎవరికి

అపనమ్మకం ఎక్కువ ఉన్న మనిషి మీ ప్రశ్నావళిని కూడా నమ్మడు. తలుపు వేసుకుంటాడు, లేదా అన్నిటికీ 'బాగానే ఉంది' అంటాడు. అంటే ఎవరిని కొలవడానికి వచ్చామో వాళ్లే జారిపోతారు. ఒకసారి ఒక పెద్దాయన ఫారం మీద వేలిముద్ర అనగానే లేచి నిలబడ్డాడు. "ముద్ర వేస్తే పింఛను ఆగిపోతుందా, భూమి పోతుందా?" అన్నాడు. ఆయన భయానికి వెనక ఏదో ఒక పాత ముద్ర ఉండే ఉంటుంది. ఆ రోజు ఫారం మడిచి పెట్టి టీ తాగి వచ్చేశాం.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎమ్ఆర్) 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇష్టపూర్వక అంగీకారం తప్పనిసరి. చదువురానివాళ్ల విషయంలో సంబంధం లేని సాక్షి ఉండాలి. ముప్పు చాలా తక్కువగా ఉండే పరిశోధనల్లో రాతపూర్వక సంతకం నుంచి మినహాయింపు కోరే వీలుంది. అపనమ్మకం మీద పని చేసేవాళ్లు ఆ మినహాయింపు కోసం ముందే అర్జీ పెట్టుకోవడం మంచిది. ఆధార్, రేషన్ కార్డు, ఫోన్ నంబరు అడగకండి. రాజకీయ పార్టీ వాళ్లతోనో, వాళ్ల బంధువులతోనో ఊళ్లోకి వెళ్లకండి. ఆసుపత్రి మీద ప్రశ్నలు ఆసుపత్రి ఆవరణలో అడగకండి.

అయిపోయాక ఒక మాట చెప్పి రండి: "ఇందాక చదివిన వాక్యాలు నిజమని కాదండీ, జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి అడిగాం." ఇది వదిలేస్తే మీ ప్రశ్నావళే ఊళ్లో కొత్త పుకారుకు విత్తనమవుతుంది.

చెన్నై, బెంగళూరు, అమెరికాల్లో ఉన్న తెలుగువాళ్లలో మాట్లాడటం వచ్చి చదవడం రానివాళ్లు చాలామంది. వాళ్ల కోసం అదే వాక్యాలు రికార్డు చేసిన ఆడియో సిద్ధం చేయండి. చదివే గొంతు మామూలుగా ఉండాలి, న్యూస్ రీడర్‌లా ఉండకూడదు.

ఎనిమిదో అడుగు: లెక్కలు

పైలట్‌కు ముప్పై నలభైమంది సరిపోతారు. అసలు పరీక్షకు కనీసం మూడువందల మందిని అనుకోండి. వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా ఒక్కటే చూపించి ఊరుకోవద్దు. అందరూ మర్యాదకు 'అవునండీ' అన్నా ఆల్ఫా బాగానే వస్తుంది. జవాబులు మెట్లుగా ఉన్నప్పుడు పాలీకోరిక్ సహసంబంధాలతో (మెట్ల జవాబులకు తగిన లెక్క) ఫ్యాక్టర్ విశ్లేషణ చేయండి, ఏ వాక్యాలు ఒక గుంపుగా కదులుతున్నాయో తెలుస్తుంది. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లోని లావాన్ ప్యాకేజీ ఉచితం, జాస్ప్ కూడా ఉచితం. మోడల్ జవాబులకు ఎంత సరిపోయిందో చెప్పే అంకెలు రెండున్నాయి. సీఎఫ్ఐ 0.95 దగ్గరలో, ఆర్‌ఎమ్‌ఎస్‌ఈఏ 0.06 దగ్గరలో ఉంటే మోడల్ కుదిరిందని సాధారణంగా అంటారు. రెండు వారాల తర్వాత కొందరిని మళ్లీ అడిగి మార్కులు నిలకడగా ఉన్నాయో చూడండి.

ఇంగ్లీషు ఫలితాలతోనో, రెండు ప్రాంతాల మధ్యనో పోల్చాలనుకుంటే మెజర్‌మెంట్ ఇన్‌వేరియన్స్, అంటే రెండుచోట్లా ప్రశ్నావళి ఒకే తీరులో కొలుస్తోందా అన్న పరీక్ష, తప్పదు. ఆకృతి ఒకటేనా, లోడింగులు (ఒక్కో వాక్యానికి కొలిచే భావంతో ఉన్న ముడి బలం) ఒకటేనా, ఇంటర్‌సెప్టులు (ఆ భావం సమానంగా ఉన్నవాళ్లు ఒక్కో వాక్యానికి ఇచ్చే జవాబు మట్టం) ఒకటేనా అని మెట్టు మెట్టుగా పరీక్షించాలి. ఒక మెట్టు నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడు సీఎఫ్ఐ 0.01 కంటే ఎక్కువ పడిపోతే ఆగిపోవాలి. మూడో మెట్టు దాటకపోతే సగటులు పోల్చే హక్కు మనకు లేదు. "తెలుగువాళ్లలో కుట్ర నమ్మకాలు ఎక్కువ" అనే హెడ్‌లైన్లు ఈ మెట్టు దాటకుండానే పుడతాయి. ఏ వాక్యం దగ్గర ఇంటర్‌సెప్టు జారిందో చూడండి. నిఘా వాక్యం అయితే ఆరో అడుగులో రాసుకున్న నోట్సు తీయండి, కారణం అక్కడే ఉంటుంది.

చివరి అడుగు: రాసి పెట్టడం

ప్రతి వాక్యానికీ ఒక వరుస: మూలం, ఇద్దరు అనువాదకుల రూపాలు, బల్ల దగ్గర తేల్చినది, ఇంటర్వ్యూల తర్వాత మార్చినది, ఎందుకు మార్చారో ఒక వాక్యం. ఓడిపోయిన చోట్లు కూడా రాయండి. 'ట్రస్ట్' అన్నదానికి సరిగ్గా సరిపోయే తెలుగు దొరకలేదంటే దొరకలేదనే రాయండి, తర్వాత వచ్చేవాళ్లు అక్కడి నుంచి మొదలుపెడతారు. పూర్తి తెలుగు వాక్యాల్ని వ్యాసంతోపాటే ప్రచురించండి. 'కోరితే ఇస్తాం' అని పెడితే రెండేళ్లకు ఆ మెయిల్ ఐడీ పనిచేయదు.

ఫైలు మీద నెల, సంవత్సరం వేయండి. అపనమ్మకం వాక్యాలు వార్తలతోపాటు పాతబడతాయి. 2019లో టీకా అన్న మాటకు తల్లి చంకలో పసిపాప గుర్తొచ్చేది. 2021 తర్వాత తన భుజమే గుర్తొస్తుంది. అప్పటి తెలుగు రూపాన్ని ఇప్పుడు వాడేముందు ఐదారుగురితోనైనా మళ్లీ కూర్చుని వినండి.